ఎవరి కంటికి?

భద్రాచలం నుంచి చర్ల బస్సెక్కితే దుమ్ముగూడెం మండలంలో పర్ణశాలకు మలుపు వస్తుంది. బంగారులేడి వచ్చింది ఇక్కడికేనని స్థలపురాణం. చిన్నప్పటి నుంచి వింటున్న కథ కాబట్టి ఎవరమూ దాన్ని తరచి చూడం. మారీచుడు వేషం వేసింది దాక్కోవడానికి కాదు, కనబడటానికి. ఆ లేడి సీతమ్మకు ముచ్చటగా తోచింది, లక్ష్మణుడికి అనుమానంగా తోచింది. రంగు ఒక్కటే, చూసిన కళ్లు వేరు.

జంతువుల రంగుల మీద పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు అప్లికేషన్ ఫారం కన్నా ముందు ఆ తేడాను పట్టుకోవాలి. నేను పట్టుకోలేదు. అందుకు ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

ఎమ్మెస్సీ జువాలజీ అయిన సంవత్సరం ఒక సంస్థ నుంచి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. తెర మీద పసిరిక పాము ఫొటో వేశారు. కొమ్మకు చుట్టుకుని ఉంది. "ఇది ఎందుకు కనబడటం లేదు?" అన్నారు. "ఆకుపచ్చగా ఉంది కాబట్టి" అన్నాను. "ఎవరికి కనబడటం లేదు?" అన్నారు. ఇందులో మెలిక ఏముందో అర్థం కాక "ఎవరికీ" అన్నాను. బల్ల చివర కూర్చున్న మేడమ్ మెల్లగా అడిగారు: "అది తినబోయే తొండకా, దాన్ని తినబోయే గద్దకా? రెండిటి కళ్లూ ఒకటేనా?" నా దగ్గర జవాబు లేదు. సెలక్షన్ లిస్టులో నా పేరూ లేదు.

బాధ ఏమిటంటే, నేను పుట్టింది ఆ పాము తిరిగే ఊళ్లోనే. ఎండాకాలం తునికాకు కోతకి అమ్మమ్మ వెంట వెళ్లేవాణ్ణి. యాభై ఆకులు ఒక కట్ట. కట్టలు లెక్క పెట్టి కల్లంలో అప్పజెప్పే పని నాది. ఆమె నడుస్తూ నడుస్తూ చేయి అడ్డం పెట్టి నన్ను ఆపేసేది. "ఆడ పసిరిక ఉంది" అనేది. నాకు కొమ్మ తప్ప ఏమీ కనబడేది కాదు. ఎట్లా చూశావంటే ఆమె చెప్పిన మాట నాకు ఇంటర్వ్యూ అయ్యాక తిరుగు బస్సులో గుర్తొచ్చింది: "గాలి లేదు గదరా, ఆ ఒక్క పుల్ల ఎందుకు ఊగుతది?" ఆమె రంగును చూడలేదు. కదలికను చూసింది. పాము తన రంగుతో దాక్కోగలిగింది, ఊపుతో దొరికిపోయింది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే చాలు. ఇంట్లో మాట పరిశోధనకు పనికొస్తుందని అప్పటికి నాకు తెలియదు.

కామోఫ్లాజ్ (పరిసరాల్లో కలిసిపోయి దాక్కోవడం) అంటే చర్ల వైపు పిల్లలకు ముందు గుర్తొచ్చేది మచ్చల యూనిఫాం. అదీ పాఠమే. తుమ్మ పొదల మధ్య మాయమయ్యే ఆ బట్టలు ఇసుకలో, తారు రోడ్డు మీద దూరం నుంచే పట్టిస్తాయి. పరిసరాలు మారితే రంగు పని మారుతుంది. చూసేవాడు మారినా మారుతుంది. పులి సంగతి తీసుకోండి. మన కంటికి నారింజ రంగులో మండిపోతూ కనిపిస్తుంది. అది వేటాడే దుప్పికి రంగులు పట్టే గ్రాహకాలు రెండు రకాలే. నారింజను, ఆకుపచ్చను విడదీయలేదు. 2019లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు కంప్యూటర్ సాయంతో ఇదే తేల్చారు. దుప్పి కళ్లతో చూస్తే పులి అడవిలో కలిసిపోతుంది. పిట్టలది ఇంకో లోకం. వాటికి నాలుగు రకాల గ్రాహకాలు. మనం చూడలేని అతినీలలోహితం కూడా చాలా పిట్టలకు కనబడుతుంది.

మారీచుడికి నిజమైన వారసుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. పూల మీద మాటు వేసే తెల్లటి పీత సాలీడు. తెల్ల పువ్వు మీద తెల్ల సాలీడు కూర్చుంటే మనకు కనబడదు, దాక్కుందనుకుంటాం. కానీ దాని ఒళ్లు అతినీలలోహితాన్ని వెనక్కి కొడుతుంది. తేనెటీగ కంటికి ఆ పువ్వు మిగతా పువ్వుల కన్నా జిగేలుమంటుంది, ఈగ అక్కడికే వెళ్తుంది. 2003లో నేచర్ పత్రికలో వచ్చిన ఈ చిన్న పేపరు చదివినప్పుడు నేను ఇంటర్వ్యూ బల్ల ముందు మళ్లీ కూర్చున్నట్టయింది. 'కనబడదు' అన్న మాట నోట్‌బుక్‌లో రాసిన ప్రతిసారీ పక్కన 'ఎవరికి' అని రాసుకోవడం ఆ రోజు మొదలుపెట్టాను.

పరికరాలు లేవు, ల్యాబ్ లేదు, ఈ అడవి అంచున ఏం పరిశోధన అని అడిగేవాళ్లకి నేను ద్రోణంరాజు కృష్ణ గారి సంగతి చెబుతాను. పిఠాపురంలో పుట్టారు. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేసినప్పుడు ఆయనకు ఉత్తరం రాసి శిష్యుడయ్యారు. హాల్డేన్ మామూలు మనిషి కాదు. మాంచెస్టర్‌లో 1848లో తొలిసారి కంటబడిన నల్లటి చిమ్మట, పొగ మసి పట్టిన చెట్ల మీద యాభై ఏళ్లలో తెల్ల చిమ్మటలను దాదాపు లేకుండా చేసింది. అంత వేగంగా మారాలంటే నల్లదానికి ఎంత లాభం ఉండాలో 1924లోనే కాగితం మీద లెక్క కట్టినవాడు ఆయన. అలాంటివాడు మన దేశానికొచ్చి శిష్యులకు నేర్పిన మొదటి విద్య ఏమిటంటే, ఖర్చు లేని ప్రశ్న వెతుక్కోవడం. ఒకరు పూరేకులు లెక్కపెట్టారు, ఒకరు కొబ్బరిచెట్టు ఆకులు ఎడమకు తిరిగాయా కుడికి తిరిగాయా అని చూశారు. ద్రోణంరాజు గారు లంటానా పొద ముందు నిలబడ్డారు. ఏ రంగు పూల మీద ఏ సీతాకోకచిలుక వాలుతోందో రాసుకున్నారు. కొన్ని జాతులు ఒక రంగునే పట్టుకుని తిరుగుతున్నాయి. అలాగైతే ఒకే చోట పెరిగే ఒకే మొక్క, రంగును బట్టి రెండు దారులు పట్టే వీలుంది కదా అన్న ఆలోచన 1960లో నేచర్‌లో అచ్చయింది. దానికి కావలసినవి నోటు పుస్తకం, పెన్సిలు, ఎండలో నిలబడే ఓపిక.

లంటానా చర్ల దారి పొడవునా ఉంది. పులికంప అనేవాళ్లున్నారు, తలంబ్రాల కంప అనేవాళ్లున్నారు. భద్రాచలం పక్కనున్నవాళ్లకు తలంబ్రాల గురించి నేను చెప్పాలా! అడవికి అది పెద్ద పీడ, నిజమే. కానీ పీడ మీద కూడా పేపరు రాయవచ్చు.

ఆ హాల్డేన్ బృందంలోనే సురేశ్ జయకర్, హెలెన్ స్పర్‌వే అని ఇద్దరుండేవారు. వాళ్లు వేసవిలో గూడు పెట్టే తీతువును పట్టుకున్నారు. ముక్కు పక్కన పసుపు తోలు వేలాడుతుందే, ఆ తీతువు. దాని మీద వాళ్ల వ్యాసం 1965లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో వచ్చింది. తీతువు అరిస్తే కీడు అని మనవాళ్లు ఇప్పటికీ ఉమ్మేస్తారు. అరిచేది మన కోసం కాదు, గుడ్ల కోసం.

ఆ గుడ్లను నేను దగ్గరగా చూసింది పెదమిడిసిలేరులో, తాలిపేరు ప్రాజెక్టు అవతలి రాళ్ల నేలలో. ఏప్రిల్ మధ్యాహ్నం. చూపించింది మేకలు కాసే పదేళ్ల పిల్లాడు. "ఆడనే ఉండు అన్నా, కాలు కదపకు" అన్నాడు. కదపలేదు. ఐదు నిమిషాలు చూసినా గులకరాళ్లే. వాడు నవ్వి నా చెప్పుకి జానెడు దూరంలో పుల్లతో చూపించాడు. నాలుగు గుడ్లు, సన్నటి కొసలు నాలుగూ లోపలికి తిరిగి. మట్టిరంగు మీద బొగ్గు చల్లినట్టు మచ్చలు. గూడంటే పుల్లలు కాదు, నేలలో చిన్న గుంట, చుట్టూ రాతి పలుకులు. మచ్చల అంచు చెదిరిపోయి ఉంటుంది కాబట్టి గుడ్డు గుండ్రటి గీత కంటికి దొరకదు. "నీకెట్లా తెలిసిందిరా?" అన్నాను. "పిట్ట లేచిన చోటు చూడొద్దు, అది నడిచొచ్చి లేస్తది. మళ్లా వచ్చి కూసునే చోటు చూడాలె" అన్నాడు.

వాడికి తెలియకుండానే వాడు చెప్పింది ఒక పెద్ద ప్రశ్నకు సగం జవాబు. ఎక్సెటర్, కేంబ్రిడ్జి పరిశోధకులు ఆఫ్రికాలోని జాంబియాలో నేల మీద గూడు పెట్టే పిట్టలను వెంబడించి 2016లో ఒక ఫలితం ప్రచురించారు. మనిషో జంతువో వస్తుంటే దూరం నుంచే లేచిపోయే పిట్టలకు గుడ్డు రంగు నేలతో ఎంత కలిస్తే గూడు అంత భద్రం. కదలకుండా గుడ్ల మీదే కూర్చునే నైట్‌జార్‌కు తల్లి ఈకల రంగే ముఖ్యం. రాత్రి రోడ్డు మీద హెడ్‌లైటు పడితే కళ్లు నిప్పుకణాల్లా మెరిసే పిట్ట ఉంటుంది కదా, దాని జాతే. తీతువు మొదటి రకం. పారిపోతుంది, గుడ్లను రంగుకు వదిలేస్తుంది. మరి తాలిపేరు ఒడ్డున ఆ గుడ్లు తినేదెవరు? కాకి అయితే పగలు, నాలుగు గ్రాహకాల కంటితో వస్తుంది. ముంగిస అయితే రెండు గ్రాహకాలు. నక్క అయితే రాత్రి వాసన పట్టుకుని వస్తుంది, దానికి రంగుతో పనే లేదు. గూడు దగ్గర కెమెరా ట్రాప్ ఒకటి పెడితే పీహెచ్‌డీలో ఒక అధ్యాయం మొదలైనట్టే.

గోదావరి లోయకు ఈ విషయంలో ఒక పాత బాకీ కూడా ఉంది. కలివికోడి. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డాన్ లోకానికి చెప్పిన ఈ పిట్ట ఇసుకరంగులో, ఎదురుగా ఉన్నా తెలియనట్టుగా, రాత్రి తిరుగుతుంది. 19వ శతాబ్దంలో దీన్ని సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లోనూ చూసినట్టు రికార్డులున్నాయి. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఆ ఊరి వేటగాడు రాత్రి టార్చి వెలుగులో పట్టి తెస్తే, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గుర్తుపట్టారు. లంకమల అభయారణ్యం పుట్టింది ఆ పిట్ట వల్లే. తరువాత పరిశోధకులు పిట్టను వెతకడం మానేసి నేల మీద మెత్తటి మట్టి పట్టీలు పరిచి కాలిముద్రలు వెతికారు. దాక్కునేదాన్ని పట్టుకోవాలంటే దాక్కోలేనిది ఏమిటో చూడాలి. మా అమ్మమ్మ ఊగే పుల్లను చూసినట్టే.

సరే, ఎక్కడ చేరాలి? నాకు తెలిసినంతలో మన దేశంలో ఈ పని గట్టిగా జరిగే చోట్లు నాలుగైదు. తిరువనంతపురం ఐసర్‌లో ఉల్లాస కోదండరామయ్య బృందం సీతాకోకచిలుకలు పిట్టల నుంచి రంగులతో ఎలా తప్పించుకుంటాయో చూస్తుంది. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో కృష్ణమేఘ్ కుంటే బృందానిది అనుకరణ, అంటే విషం లేనిది విషమున్నదాని వేషం వేయడం. ప్రకృతి శాస్త్రవేత్త బేట్స్ అమెజాన్ సీతాకోకచిలుకల్లో చూసి 1862లో వివరించిన విషయం. అదే సంస్థలో ఉమా రామకృష్ణన్ బృందం ఒడిశా సిమిలీపాల్ నల్లపులుల మిస్టరీని 2021లో విప్పింది. చారలు కలిసిపోయి నల్లబడటానికి కారణమైన జన్యువు, ఇంటి పిల్లి చారల ఆకారాన్ని నిర్ణయించే జన్యువే. ఐఐఎస్‌సీలో మరియా ఠాకర్ బృందం రాతి తొండల మీద పని చేసింది. మగతొండది ఆడతొండ ముందు ఒక రంగు, పోటీకొచ్చిన మగతొండ ముందు ఇంకో రంగు, అదీ క్షణాల్లో. మనకు దగ్గరలో తిరుపతి ఐసర్, హైదరాబాద్ సీసీఎంబీ ఉన్నాయి. అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ల వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్ ఉంది. అక్కడ నేరుగా కామోఫ్లాజ్ అనే బోర్డు ఉండదు, జన్యువుల వైపు నుంచి రావాలి. కాకతీయ యూనివర్సిటీలోనూ చేయవచ్చు, గైడు ఈ ప్రశ్నకు ఒప్పుకుంటే. పేరున్న సంస్థలో ఆసక్తి లేని గైడు కన్నా, చిన్న డిపార్ట్‌మెంట్‌లో మీ ప్రశ్నకు కళ్లు పెద్దవి చేసే గైడు నయం. ఈ మాట మీద నాతో గొడవపడేవాళ్లున్నారు.

పరీక్షల గురించి పొడవుగా చెప్పను, నోటిఫికేషన్‌లో అంతా ఉంటుంది. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ ఏడాదికి రెండుసార్లు. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్) అభ్యర్థులకు, మహిళలకు జేఆర్ఎఫ్ వయసులో 5 ఏళ్ల సడలింపు. ఎన్‌సీబీఎస్‌కు జీబిల్స్ (JGEEBILS) అనే పరీక్ష. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అనే పేపరు ఉందని మన డిగ్రీ కాలేజీల్లో చాలామందికి తెలియదు. మన పనికి అదే సరైన గేటు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండా కూడా పీహెచ్‌డీకి అర్హత ఉంది. చదువు గడువు మూడేళ్ల నుంచి ఆరేళ్లు.

చర్ల, దుమ్ముగూడెం కోయ పిల్లలు తప్పకుండా చూడవలసింది కేంద్ర గిరిజన సంక్షేమ శాఖ ఇచ్చే నేషనల్ ఫెలోషిప్. ఏడాదికి 750 మందికి. విదేశాలకైతే నేషనల్ ఓవర్‌సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మంది ఎస్టీ విద్యార్థులకే, పోటీ ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్‌సీస్ విద్యానిధి వేరు. విదేశీ పీహెచ్‌డీ అంటే ఇల్లు అమ్ముకోవాలన్న భయం మనవాళ్లకు ఎమ్మెస్ చదువుల నుంచి అంటుకుంది. పీహెచ్‌డీ అలా కాదు. యూరప్‌లో చాలాచోట్ల అది జీతమిచ్చే ఉద్యోగం, ఖాళీ వస్తే ప్రకటన ఇస్తారు. అమెరికాలో పాఠాలు చెబుతూ ఫీజు మాఫీతో చదువుతారు. డబ్బు కట్టి చేరమనే పీహెచ్‌డీ వస్తే ఒకటికి పదిసార్లు ఆలోచించండి.

గైడుకి రాసే ఉత్తరం దగ్గర ఎక్కువమంది పోతారు. "గౌరవనీయులైన సర్, నాకు ప్రకృతి అంటే చిన్నప్పటి నుంచి ఎనలేని ప్రేమ" అని మొదలయ్యే ఈమెయిల్‌ను ఎవరూ రెండో వాక్యం దాకా చదవరు. నేను రాసినవన్నీ అవే. బదులు రాసింది సున్నా మంది. ఇలా రాసి చూడండి: "ఏప్రిల్ 4 నుంచి మే 10 దాకా రాళ్ల నేలలో తొమ్మిది తీతువు గూళ్లు చూశాను. ఐదింటిలో గుడ్లు పోయాయి. పోయిన వాటిలో నాలుగు గడ్డి మొలిచిన చోట ఉన్నవి. గుడ్డు రంగు నేలతో కలవకపోవడం కారణమా, లేక గడ్డిలో ముంగిస తిరగడమా అన్నది నాకు తేలలేదు. మీ పేపర్లోని ఫొటో పద్ధతి ఇక్కడ పనికొస్తుందా?" ఐదు వాక్యాలు. ఇందులో ప్రేమ అన్న మాట లేదు.

ఫొటోల్లో రంగులు కొలిచే ఆ పద్ధతికి వాడే మైకా టూల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, గణాంకాలకు వాడే 'ఆర్' కూడా ఉచితం. ఫోన్ కెమెరా మాత్రం మోసం చేస్తుంది. రంగును అందంగా చూపించడానికి అది తనంతట తానే దిద్దేస్తుంది. కొలతకు రా ఫార్మాట్, పక్కన గ్రే కార్డు ఉండాలి. ఇక లెక్కలు. లెక్కలంటే భయపడే కదా బైపీసీ తీసుకున్నాం! ఆ భయం ఇక్కడికొచ్చి పట్టుకుంటుంది. రోజుకు ఒక గంట 'ఆర్' నేర్చుకోండి, ఆరు నెలలు. వేరే దారి నాకు కనబడలేదు.

ఇంట్లోవాళ్ల సంగతి. "పీహెచ్‌డీ ఎప్పుడైపోద్ది? డీఎస్సీ రాసుకో, టీచరైతే ఊళ్లోనే ఉంటావు" అంటారు. మా నాన్న అన్నారు. ఆయనతో వాదించకుండా డీఎస్సీ కూడా రాశాను. రాయండి, తప్పేం లేదు. ఆ సన్నాహంలోనే ఏదైనా రీసెర్చి ప్రాజెక్టులో ప్రాజెక్టు అసోసియేట్‌గానో ఫీల్డ్ అసిస్టెంట్‌గానో ఆరు నెలలు చేరండి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో పుస్తకాలకన్నా ముందు మోకాళ్లు చెబుతాయి.

అనుమతుల గురించి ఒక హెచ్చరిక. అభయారణ్యంలో అధ్యయనానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. షెడ్యూళ్లలో ఉన్న జంతువును ముట్టుకోవాలన్నా పట్టుకోవాలన్నా వేరే అనుమతి. పాము ఫొటో కోసం పామును పట్టుకోకండి, రీల్స్ చూసి అసలే వద్దు. సరిహద్దు ఊళ్లలో కెమెరా మెడలో వేసుకుని అడవిలోకి పోయేటప్పుడు బీట్ ఆఫీసరుకు, పోలీసు స్టేషన్‌కు, ఊరి పెద్దకు ముగ్గురికీ ముందే చెప్పండి. ఎందుకో చర్లలో ఉండేవాళ్లకు వివరించనక్కర్లేదు.

అనుమతి అక్కర్లేని పని ఒకటుంది, మీ పెరట్లోనే. మైదా పిండిలో కొంచెం నూనె, కొంచెం నీళ్లు, మిఠాయి రంగు కలిపి చిటికెన వేలంత పొడవున పురుగులు చేయండి. ఆకుపచ్చవి పాతిక, ఎర్రవి పాతిక. 2017లో ప్రపంచమంతా 31 చోట్ల 2,879 ప్లాస్టిసిన్ పురుగులు అంటించి, భూమధ్యరేఖ వైపు వెళ్లేకొద్దీ పురుగులకు ప్రమాదం పెరుగుతుందని తేల్చారు. సైన్స్ పత్రికలో వచ్చింది. మీరు చేసేది దాని తమ్ముడు. ఏ ఆకు మీద ఏ రంగు అన్నది మీరు నిర్ణయించకండి, రూపాయి బిళ్ల ఎగరేయండి. లేదంటే మీకిష్టమైన రంగును మీకు తెలియకుండానే మంచిచోట పెడతారు. రెండు రోజుల తరువాత చూడండి. పిట్ట ముక్కు ఆంగ్ల 'వీ' ఆకారంలో గుంట పెడుతుంది, ఎలుక పళ్లు జంటగా గీతలు గీస్తాయి, చీమ సూది పొడుపులు పొడుస్తుంది. పిట్ట ముక్కు గుర్తులు ఎర్రదాని మీద ఎక్కువుంటే సంబరపడకండి. ఎర్రటి పండనుకుందేమో.

నేను మొదటిసారి చేసినప్పుడు యాభైలో పదకొండు పురుగులు ఆకుతో సహా లేవు. మేకలు మేశాయా, పక్కింటి పిల్లలు ఆడుకోవడానికి పట్టుకుపోయారా, ఉడత ఎత్తుకెళ్లిందా తెలియలేదు. బాగుండదని ఆ పదకొండింటినీ కొట్టేసి ముప్పైతొమ్మిదికే శాతాలు కట్టాను. రెండో ఇంటర్వ్యూలో బల్ల మీద నోట్‌బుక్ తెరిచి పెట్టగానే వాళ్ల వేలు నేరుగా ఆ కొట్టివేతల మీదికే వెళ్లింది. మీ పట్టికలో 'పిట్ట', 'ఎలుక', 'చీమ' పక్కన నాలుగో గడి ఒకటి గీసి, 'ఏమైందో తెలియదు' అని రాసుకోండి. దాన్ని కొట్టేయకుండా, తేదీ వేసి ఉంచండి.